అప్పు తీరిన తరువాత మిగిలినది ఎవరిది?

మన కొత్తగూడెం నుండి భద్రాచలం పోయే దారిలో పాల్వంచ ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో ఆ పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా పనిచేసిన కంచర్ల గోపన్న సర్కారు పైకాన్ని భద్రాద్రి ఆలయ నిర్మాణానికి వినియోగించి, గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గినాడని చెప్పుకొంటాము. రామలక్ష్మణులు మారువేషాలతో తానీషా మందిరానికి వచ్చి, ఆరు లక్షల బాకీ చెల్లించి, ఆయన చేత రసీదు వ్రాయించుకొని, దానిని నిద్రలో ఉన్న గోపన్న తల క్రింద పెట్టి పోయినారని కథ. ఈ కథలో భక్తులు భక్తిని చూచినారు. చరిత్రకారులు ఆనాటి రాజ్యతంత్రాన్ని చూచినారు. మమ్ములను ఆకర్షించినది అందులోని రసీదు. దేవుడంతటివాడు కూడ బాకీ చెల్లించి రసీదు తీసుకొనకుండ కదలలేదని మన జనం కథ అల్లుకొన్నారు. చెల్లించినంత మాత్రాన ఋణగ్రస్తుడు విముక్తుడు కాడనీ, చెల్లించినట్లు లెక్క అతని చేతికి రావలెననీ ఆ కథ అల్లినవారికి తెలుసు.

ఉర్దూ, తెలుగు రెండు భాషలూ వెలిగే మన సంచికలో మరొక మాట కూడ చెప్పుకొనవచ్చును. అప్పుకు సంబంధించి మనం తెలుగులో వాడే మాటలు ఎక్కువభాగం ఉర్దూ దారిన వచ్చినవే. బాకీ, వసూలు, జామీను, జప్తు, హర్రాజు, రసీదు, దివాలా - ఈ మాటలు తెలియని ఇల్లు మన బొగ్గు బస్తీలలో లేదు. కాని ఇదే కుటుంబానికి చెందిన ఒక ఉర్దూ మాట మాత్రం మన ఇండ్లలో అంతగా వినబడదు. అది 'ఫాజిల్', అనగా మిగులు. అప్పులవాడికి కూడ మిగులు ఉండవచ్చుననే ఆలోచనే మనలో అరుదు. ఆ మిగులును గూర్చియే, దానిని అడిగే హక్కును గూర్చియే ఈ వ్యాసం.

మన ప్రాంతంలో ఒకడు అప్పులు తీర్చలేక కోర్టుకు వెళితే 'ఫలానా ఆయన ఐ.పి. పెట్టినాడు' అంటారు. ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటీషను. ఆ రెండక్షరాలు వినగానే అప్పిచ్చినవారు తమ సొమ్ము మునిగినదనుకొంటారు. ఇరుగుపొరుగువారు అతడు మోసం చేసినాడనుకొంటారు. అతడు కూడ తన బ్రతుకు ముగిసినదనుకొని తలవంచుకొని తిరుగుతాడు. ఐ.పి.ని అడ్డం పెట్టుకొని ఆస్తులు దాచి, చిన్నచిన్న ఋణదాతల కన్నీటికి కారకులైనవారు లేకపోలేదు. పదవీ విరమణ సొమ్మును నమ్మి చేబదులిచ్చిన కార్మికుడు, కూతురి పెండ్లికి దాచిన పైకం ఇచ్చిన వితంతువు - వీరి బాధను మేము తక్కువ చేయము. కాని ఒకరి దుర్మార్గాన్ని చూపి చట్టం అందరికీ ఇచ్చిన హక్కును మరచిపోవడం న్యాయం కాదు.

ఇంతకూ చట్టం ఏమంటున్నది? మన జిల్లా వంటి ప్రాంతాలలో సామాన్య వ్యక్తుల దివాలా వ్యవహారాలు నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం క్రిందనే నడుస్తున్నవి. 2016లో పార్లమెంటు కొత్త దివాలా స్మృతిని చేసినది. అయితే అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవారి విషయంలో మాత్రమే 2019 డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చినది. కిరాణా కొట్టు నడిపేవాడికి, కౌలు రైతుకు, లారీ కొని నష్టపోయినవాడికి వందేండ్లు దాటిన పాత చట్టమే దిక్కు.

కోర్టు ఒకరిని దివాలాదారుగా ప్రకటించిన మరుక్షణం అతని ఆస్తి అతనిది కాకుండ పోతుంది. చట్టంలోని 28వ సెక్షను ప్రకారం అది కోర్టుకు గాని, కోర్టు నియమించిన రిసీవరుకు గాని సంక్రమిస్తుంది. సివిల్ ప్రొసీజరు కోడు జప్తు చేయరాదన్న వస్తువులు మాత్రం మినహాయింపు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, పనివాని పనిముట్లు, రైతు నాగలి, ఎద్దులు, విత్తనాల ధాన్యం, కూలివాని కూలిడబ్బు - ఇవి ఆ కోవలోనివి. మిగిలినదంతా రిసీవరు అమ్మి, ముందు ఖర్చులు తీసి, చట్టం చెప్పిన వరుసలో ఋణదాతలకు పంచుతాడు. విడుదల పొందని దివాలాదారు శాసనసభకు గాని పార్లమెంటుకు గాని పోటీచేయుటకు రాజ్యాంగమే అంగీకరించదు. ఇన్ని ఆంక్షలు చూచి, దివాలాదారు అంటే బ్రతికియుండగానే లెక్కలోనుండి తొలగినవాడని జనం అనుకొనడంలో వింత లేదు.

కాని అదే చట్టంలో 67వ సెక్షను ఉన్నది. ఋణదాతలందరి బాకీలు చట్టప్రకారమైన వడ్డీతో సహా పూర్తిగా తీరి, ఖర్చులు పోను మిగిలినది ఏదైనా ఉంటే అది దివాలాదారుకే చెందవలెనని ఆ సెక్షను స్పష్టంగా శాసిస్తున్నది. అది దయతో ఇచ్చే సొమ్ము కాదు, హక్కుగా రావలసిన సొమ్ము. మన వాణిజ్యశాస్త్ర విద్యార్థుల కోసం ఒక ఊహా లెక్క చెప్పెదము. ఒకనికి 6 లక్షల అప్పు. ఇల్లు, కొట్టు అమ్మగా 8 లక్షలు వచ్చినవి. ఖర్చులు 40 వేలు. దివాలాదారుగా ప్రకటించిన నాటినుండి నూటికి ఏటా 6 రూపాయల వడ్డీ అని 61వ సెక్షను చెబుతున్నది. మూడేండ్లకు 1,08,000 అయినది. అన్నీ పోను 52,000 రూపాయలు మిగిలినవి. అవి రిసీవరువి కావు, ఋణదాతలవి కావు, సర్కారువి కావు. ఆ అప్పులవానివి. 8 లక్షల ఆస్తిలో 52 వేలు అల్పమే కావచ్చును. కాని కొట్టు పోయినవాడు మరల తోపుడు బండి పెట్టుకొనుటకు అదే పెట్టుబడి.

మరి ఆ మిగులు ఉన్నదో లేదో అతనికి ఎట్లు తెలియవలె? 8 లక్షలకు పోవలసిన ఇల్లు కొట్టు 6 లక్షలకే హర్రాజైతే అడిగే దెవరు? ఖర్చుల పద్దు 40 వేలకు బదులు లక్ష అయితే ప్రశ్నించే దెవరు? ఋణదాతలు తమ బాకీ తమకు ముట్టగానే ఇంటికి పోతారు. తుదివరకు ఆ లెక్కలో ఆసక్తి గలవాడు ఒక్క ఋణగ్రస్తుడే. అతనికి కోర్టులో నోరు విప్పే అర్హత లేకపోతే 67వ సెక్షను కాగితం మీది చక్కెరయే.

చట్టం చేసినవారు ఈ చిక్కును గ్రహింపకపోలేదు. రిసీవరు చర్యవలన బాధపడిన దివాలాదారు గాని, ఋణదాత గాని, మరెవరైనా గాని 21 రోజులలోగా కోర్టుకు విన్నవించుకొనవచ్చునని 68వ సెక్షనులో వ్రాసినారు. అప్పీళ్ళను గూర్చిన 75వ సెక్షనులో కూడ ఋణగ్రస్తుని పేరే ముందు పెట్టినారు. అయినను, ఆస్తి చేతినుండి పోయినవానికి ఇక ఆ ఆస్తితో నిమిత్తమేమి అని ఇంగ్లండు న్యాయస్థానాలలో పుట్టిన వాదం ఒకటి ఉన్నది. మిగులు వచ్చే అవకాశం ఉన్నదని చూపగలిగితేనే దివాలాదారును బాధితునిగా పరిగణింపవలెనన్నది దాని సారాంశం. అమెరికా దివాలా కోర్టులలో కూడ ఇటువంటి నియమమే సాధారణంగా పాటిస్తారు. ఇది పైకి సబబుగానే కనిపిస్తుంది. తనకు పైసా కూడ దక్కని వ్యవహారంలో ఊరక వ్యాజ్యాలు వేసి ఋణదాతలను వేధించకుండ ఇదొక కట్టడి. కాని లోపలికి చూచిన కొద్దీ చిక్కు తెలుస్తుంది. మిగులు ఉన్నదని చూపితే గాని లెక్క అడుగరాదు; లెక్క చూడనిదే మిగులు ఉన్నదని చూపలేడు. ఈ రెండింటి నడుమ పేదవాని హక్కు నలిగిపోతుంది.

లెక్క అడిగే హక్కు పోతే మిగులు హక్కు ఏమవుతుందో తెలుసుకొనుటకు దూరదేశాల దృష్టాంతాలు అక్కరలేదు. మన ప్రాంతం ఒకప్పుడు భాగమైన హైదరాబాదు రాజ్య చరిత్రయే చాలును. ఆంగ్ల అధికారుల క్రింద ఉండిన హైదరాబాదు కంటింజెంటు సైన్యం జీతాల బకాయిలు పేరుకుపోయి నిజాము ప్రభుత్వం ఈస్టిండియా కంపెనీకి ఋణపడినది. 1853 మే 21న జరిగిన సంధి ద్వారా నిజాము నాసిరుద్దౌలా బీరారును, ధారాశివ్, రాయచూరు దోఆబు జిల్లాలను కంపెనీ పాలనకు అప్పగించవలసి వచ్చినది. కంపెనీ వారు ఆ జిల్లాల ఆదాయంతో సైన్యం ఖర్చు, బాకీలు సరిపెట్టుకొని, లెక్కలు చూపి, మిగులును నిజాముకు ఇవ్వవలెనని షరతు. ఒక విధంగా చూస్తే కంపెనీయే ఋణదాత, కంపెనీయే రిసీవరు.

ఏడేండ్ల తరువాత, 1860 డిసెంబరు 26న మరొక సంధి జరిగినది. 1857 నాటి సహాయానికి ప్రతిఫలంగా ధారాశివ్, రాయచూరు దోఆబు తిరిగి వచ్చినవి, సురపురం వచ్చినది, 50 లక్షల బాకీ రద్దయినది. ఎంత ఔదార్యమో అనిపిస్తుంది. కాని అదే సంధిలో, బీరారు జమాఖర్చుల లెక్కలు గడచినవి గాని, జరుగుతున్నవి గాని, రాబోయేవి గాని అడుగనని నిజాము ఒప్పుకొనవలసి వచ్చినది. మిగులు ఇస్తామన్న వాగ్దానం మాత్రం అట్లే ఉన్నది! పాలన ఖర్చు ఎంత పెట్టవలెనో నిర్ణయించేది బ్రిటిషువారే; ఖర్చు పోను మిగిలినది ఎంతో చెప్పేదీ వారే. అప్పు రద్దయినా ఆస్తి తిరిగి రాలేదు. దివాను మొదటి సాలార్ జంగు బీరారు కోసం ఏండ్ల తరబడి విజ్ఞప్తులు పంపినాడు. 1876లో ఇంగ్లండు దాకా వెళ్ళి వచ్చినాడు. ఫలం కనబడలేదు. తుదకు 1902లో కర్జను ప్రభువు కాలంలో బీరారు ఏటికి 25 లక్షల రూపాయల శాశ్వత కౌలుగా మారిపోయినది. లక్షల జనం గల రాజ్యం, ప్రతిభావంతుడైన దివాను ఉండి కూడ, లెక్క అడిగే మాటను ఒక్కసారి వదలుకొన్నందుకు ఇంత నష్టం జరిగినది. వేలిముద్ర వేసే కూలివాని గతి చెప్పనేల?

దివాలా వరకు పోని మామూలు డిక్రీలలో కూడ ఇదే ప్రశ్న వస్తుంది. ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ నుండి ఢిల్లీకి వెళ్ళిన రెండు కేసులు స్మరింపదగినవి. 1977లో సుప్రీంకోర్టు విచారించిన ఒక కేసులో ఒక గ్రామంలోని భూమి అమ్మకంతోనే ప్రకటనలో చూపిన బాకీ వసూలైనది. అయినను ఆగక రెండవ గ్రామంలోని భూమిని కూడ వేలం వేసినారు. ఆ రెండవ వేలం చెల్లదని కోర్టు తీర్పు చెప్పినది. 1989లో వచ్చిన మరొక కేసులో సుమారు 2,400 రూపాయల బాకీకి 10 ఎకరాల భూమిని అమ్మివేసినారు. దానినీ కోర్టు కొట్టివేసినది. బాకీకి సరిపడినంత ఆస్తినే అమ్మవలెననేది కోర్టుల ఇష్టాయిష్టాలకు వదలిన విషయం కాదనీ, వాటి విధియనీ ఈ తీర్పుల తాత్పర్యం. ఎకరం పోయే చోట పది ఎకరాలు పోకుండ నిలచినవంటే ఆ ఋణగ్రస్తులు 'ఇదేమి లెక్క?' అని అడిగినందువలననే.

మన పట్టణంలో కోర్టు గుమ్మం చూడనివారు కూడ బంగారం కుదువబెట్టిన దుకాణం గుమ్మం చూచియుంటారు. బడి ఫీజుకో, ఆస్పత్రికో గొలుసు తాకట్టు పెట్టినవారు, గడువు దాటి నగ వేలమైనదని తెలియగానే ఇక అడిగేదేమున్నదని ఊరుకొంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం అట్లు చెప్పలేదు. తాకట్టు పెట్టుకొన్నవాడు అమ్మేముందు తగిన నోటీసు ఇవ్వవలె. అమ్మకం జరిగే క్షణం వరకు బాకీ కట్టి వస్తువును విడిపించుకొనే హక్కు యజమానికి ఉన్నది. అమ్మగా బాకీకి మించి వచ్చినది అతనికి తిరిగి ఇవ్వవలె. నగ పోయినా నగలోని మిగులు పోలేదు. అట్లే, మన జిల్లాలోని షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనుని భూమిని డబ్బు డిక్రీ క్రింద జప్తు చేసి అమ్మరాదని 1959 నాటి భూబదలాయింపు నిబంధన చెబుతున్నది. 1963లో అది తెలంగాణ ఏజెన్సీకి కూడ వర్తించినది. ఈ సంగతి తెలియక కాగితాల మీద సంతకాలు పెట్టినవారు అడవి అంచున ఎందరున్నారో!

ఈ వాదానికి ఒక ఆక్షేపణ వినబడుతుంది. అప్పులు ఎగవేసినవానికి ఇన్ని మర్యాదలు దేనికి అని. విజయ్ మాల్యా పేరు చెప్పి ఈ ప్రశ్న వేస్తారు. 2017లో బెంగుళూరు ఋణ వసూలు ట్రిబ్యునలు నిర్ణయించిన బాకీ 6,203 కోట్ల రూపాయలు, దానిపై వడ్డీ. ఆయన ఆస్తులనుండి 14,131 కోట్లు బ్యాంకులకు చేర్చినట్లు 2024 డిసెంబరులో ఆర్థికమంత్రి లోకసభలో చెప్పినారు. 2025 ఫిబ్రవరిలో ఆయన కర్ణాటక హైకోర్టులో లెక్కలు ఇప్పించవలెనని కోరినాడు. వడ్డీ ఎంతైనది, ఖర్చు ఎంతైనది, నిజంగా ఏమైనా మిగిలినదా అన్నది కోర్టు తేల్చవలసిన విషయం. ఆయనపై ఉన్న నేరారోపణలు వేరు. వాటి విచారణ వాటిదే. మేము చెప్పేది ఒక్కటే. మనకు నచ్చనివాడు లెక్క అడిగినపుడు కూడ లెక్క చూపగలిగినదే న్యాయమైన వసూలు. ఆయనకు ఖరీదైన వకీళ్ళు ఉన్నారు గనుక అడిగినాడు. మన వీధిలోని దర్జీకి, మెకానిక్కుకు అడిగిపెట్టేవారెవరు?

మన ఊరి నిత్యానుభవంలోనే మరొక పాఠం ఉన్నది. 1920లో ఈ పేరు ధరించి, మన కొత్తగూడెం కేంద్రంగా పనిచేస్తున్న సింగరేణి కాలరీస్ కంపెనీ 1990ల దశకంలో నష్టాలలో కూరుకొనిపోయి, ఖాయిలా పరిశ్రమల బోర్డు అయిన బి.ఐ.ఎఫ్.ఆర్. గడప రెండుసార్లు తొక్కినది. ఆనాడు కాగితాల మీద దాని విలువ శూన్యం కంటె తక్కువ. అయినను దాని మాట విన్నారు, అప్పుల విషయంలో వెసులుబాటు ఇచ్చినారు, కార్మికులు చెమటోడ్చినారు. సంస్థ లేచి నిలిచినది. నేడు ఏటేటా లాభాలలో వాటా ఎంత వస్తుందని కార్మికుల ఇండ్లలో ఎదురుచూస్తున్నారు. ఇంత పెద్ద సంస్థ విషయంలో పాటించిన ఓర్పు, వినికిడి, లెక్కల వివరం చిన్న ఋణగ్రస్తుని విషయంలో మాత్రం ఎందుకు ఉండరాదు? పడిపోయినవాడు మరల లేవగలడనే నమ్మకం మీదనే కదా దివాలా చట్టం నిలిచియున్నది!

కావున మా అభిప్రాయం ఇది. దివాలాదారు మిగులు ఉన్నదని నిరూపించిన తరువాత లెక్క అడుగవలెననడం తలక్రిందుల న్యాయం. రిసీవరు ఆస్తి అమ్మిన ప్రతిసారీ, అమ్మిన ధర, ఖర్చులు, చెల్లించిన బాకీలు, మిగిలిన మొత్తం చూపే పత్రం ఋణగ్రస్తునికి అడుగకుండనే అందవలెను. అది అతనికి చదువవచ్చిన భాషలో, తెలుగులో గాని ఉర్దూలో గాని ఉండవలెను. లెక్కలు చూచిన తరువాత కూడ కేవలం కాలయాపన కోసం వ్యాజ్యం వేసేవానిని కోర్టు ఖర్చులు విధించి అదుపులో పెట్టవచ్చును. ముందుగానే నోరు మూయడం మాత్రం తగదు. ఇది ఋణదాతలకు కూడ మేలే. లెక్క బహిరంగమైన చోట దాచిన ఆస్తి కూడ బయటపడుతుంది. అప్పును వ్రాతలో పెట్టుకొమ్మనీ, ఇబ్బందిలో ఉన్నవానికి వ్యవధి ఇమ్మనీ పవిత్ర ఖురాన్ రెండవ అధ్యాయం బోధిస్తున్నది. రామదాసు కథలోని రసీదు చెప్పేదీ అదే. వ్రాతయే బలహీనుని బలం.

చట్టసభలు చేయవలసినది అవి చేయునంతవరకు మనం చేయదగినది కొంత ఉన్నది. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం. గ్రంథాలయంలో ఒక బీరువాను న్యాయ గ్రంథాలకు కేటాయించండి. 1987 చట్టం క్రింద ఏర్పడిన న్యాయ సేవాధికార సంస్థవారిని ఏడాదికొకసారి ఆహ్వానించి ఋణ చట్టాలపై తెలుగులోను ఉర్దూలోను సదస్సు జరిపించండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండ, ఇతర పేదలకు ఆదాయ పరిమితికి లోబడి ఉచితంగా వకీలును ఏర్పాటుచేసే బాధ్యత ఆ సంస్థది. ఈ మాట మన బస్తీలలో ఎంతమందికి తెలుసు?

విద్యార్థి మిత్రులారా! మీరు ఇంట్లో మొదటి పట్టభద్రులు కావచ్చును. జమాఖర్చులు, చక్రవడ్డీ మీరు పరీక్ష కోసం చదువుచున్నారు. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినపుడు ట్రంకు పెట్టెలో మడతపెట్టిన తాకట్టు చీటీలను, బ్యాంకు కాగితాలను, ప్రామిసరీ నోట్లను ఒకసారి తీసి చూడండి. ఎంత తెచ్చినారు, ఎంత కట్టినారు, వడ్డీ ఎంత పడినది, అమ్మిన వస్తువుకు ఎంత వచ్చినది అని ఒక తెల్ల కాగితం మీద వ్రాయండి. లెక్క తేలనిచోట అమ్మా నాన్నల తరఫున మర్యాదగా, కాని బెదరక అడగండి. అప్పు తీర్చడం మన ధర్మం. అప్పు తీరిన తరువాత మిగిలినది మనది. ఆ మిగులు ఎంతో అడిగి తెలుసుకొనే హక్కును ఏ అప్పూ జప్తు చేయలేదు.